చాంబర్‌లో 108 కొడితే నా టేబుల్ మీద మోగింది: ఆఫీసు ఫోన్ల నంబర్లు, రూట్లు ఎలా సర్దాలి?

మిర్చి_లెక్కలు (ప్రశ్న):

నమస్తే అండీ. మాది గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ, దాన్ని ఆనుకునే కమిషన్ ఆఫీసు. నేను లెక్కలు చూస్తాను. కంప్యూటర్లు, సీసీ కెమెరాలు, ఫోన్లు కూడా నాకే అప్పజెప్పారు. విషయం కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

పోయిన వారం రాత్రి పదకొండింటికి మూడో చాంబర్‌లో నెట్టు (బస్తాల దొంతర) జారి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ముఠా కూలీ మీద పడ్డాయి. చాంబర్ గోడలు మందం, లోపల సెల్‌కి ఒక్క గీత సిగ్నల్ కూడా రాదు. అందుకే ప్రతి అంతస్తులో గోడకు ఒక ఫోన్ పెట్టాం. పక్కనున్న కుర్రాడు ఆ ఫోన్ ఎత్తి 108 కొట్టాడు. రింగు వెళ్తోంది, ఎవరూ ఎత్తడం లేదు. పెట్టేసి మళ్ళీ కొట్టాడు. అదే రింగు. అంబులెన్సు వాళ్ళు బిజీగా ఉన్నారేమో అనుకుని అలాగే చెవికి పెట్టుకుని నిలబడ్డాడట. ఆ రింగు తాళం వేసి ఉన్న అకౌంట్స్ రూములో, నా టేబుల్ మీద మోగుతోంది. మా ఆఫీసులో 108 అంటే నా ఎక్స్‌టెన్షన్, నా టేబుల్ ఫోన్‌కి ఆఫీసు లోపలి నంబరు.

చివరికి వాచ్‌మన్ రోడ్డు మీదకు పరుగెత్తి తన సెల్‌లో కొట్టాడు. మనిషి దక్కాడు. కుడి కాలు విరిగింది, ఆపరేషన్ అయింది. పొద్దున్నే వచ్చి చూస్తే నా ఫోన్‌లో నాలుగు మిస్డ్ కాల్స్. 11:06, 11:07, 11:07, 11:09. నాలుగింటి పక్కనా ‘చాంబర్ 3’ అని ఉంది. ఆ తెర నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

ఇప్పుడు మా సిస్టమ్ సంగతి. పాత ఈపీఏబీఎక్స్ (ఆఫీసు ఫోన్లను కలిపే పెట్టె) పాడైతే పోయిన ఏడాది కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ పీబీఎక్స్ పెట్టించాం, ఫ్రీపీబీఎక్స్ సాఫ్ట్‌వేర్. రెండు ల్యాండ్‌లైన్లు ఎఫ్‌ఎక్స్‌ఓ గేట్‌వే (ల్యాండ్‌లైన్ తీగను పీబీఎక్స్‌కి కలిపే పెట్టె) మీద వస్తాయి. సెల్ నెట్‌వర్క్ మీద కాల్స్ పంపడానికి నాలుగు సిమ్‌లతో ఒక జీఎస్ఎం గేట్‌వే ఉంది. ఇవి కాక హైదరాబాద్ ఆఫీసులో తీసుకున్న సిప్ ట్రంక్‌ని (తీగ బదులు ఇంటర్నెట్‌లో నడిచే బయటి లైన్) ఇంటర్నెట్ మీద ఇక్కడికీ కలిపారు. ఎక్స్‌టెన్షన్లు 101 నుంచి 136 దాకా. పాత నంబర్లు అందరికీ నోటికి వచ్చు కాబట్టి అవే ఉంచమని నేనే చెప్పాను.

108 ఒక్కటే కాదు. బయటి లైన్‌కి ముందు 0 కొట్టడం మావాళ్ళకు అలవాటు. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి కొట్టాలంటే ఇంకో 0 కావాలి. ఒకళ్ళు ఒక సున్నా, ఒకళ్ళు రెండు సున్నాలు కొడతారు, ఏది ఎటు పోతుందో తెలియదు. ఖమ్మం, వరంగల్ షాపులకు ల్యాండ్‌లైన్ మీద వెళ్ళాలని పెట్టినవాళ్ళు ‘08’తో మొదలయ్యేవన్నీ అటే పంపమని ఒక రూటు రాశారు. ఇప్పుడు 8తో మొదలయ్యే సెల్ నంబర్లు కూడా ల్యాండ్‌లైన్ మీదకే పోతున్నాయి, సీజన్‌లో ఆ రెండు లైన్లూ ఎప్పుడూ ఎంగేజే. ఇంకొకటి, మిస్డ్ కాల్ చూసి తిరిగి నొక్కితే కాల్ వెళ్ళదు. సిస్టమ్ పెట్టిన కుర్రాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పండి. 108 మాత్రం నేను ఇవాళే సరిచేయాలి.

పాత_లైన్‌మన్:

బాబూ, టెలిఫోన్స్‌లో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు చిన్న ఆఫీసులకు పీబీఎక్స్‌లు సర్దుతుంటాను. నువ్వు రాసింది చదివి వెంటనే కూర్చున్నాను.

మన దేశంలో 1తో మొదలయ్యే నంబర్లన్నీ ప్రత్యేక సేవలకు. 100 పోలీసు, 101 ఫైరు, 102 తల్లీబిడ్డల బండి, 104 ఆరోగ్య సలహా, 108 అంబులెన్సు, 112 అన్ని ఎమర్జెన్సీలకూ కలిపి, ఇంకా 1912 కరెంటు, 1930 సైబర్ మోసాలు. అందుకే నేను ఏ ఆఫీసులోనూ 1తో ఎక్స్‌టెన్షన్ ఇవ్వను. పాత పెట్టెలో 0 కొట్టి ఎక్స్ఛేంజి టోన్ వచ్చాక 108 కొట్టేవాళ్ళు కాబట్టి గొడవ బయటపడలేదు. ఇప్పుడు సెల్ అలవాటుతో ఎవరైనా నేరుగా 108 కొడతారు. భయంలో ఉన్న మనిషికి ముందు సున్నా గుర్తుండదు, గుర్తుంచుకోమని అడగకూడదు కూడా.

108కి ఒక అవుట్‌బౌండ్ రూటు (బయటి కాల్ ఏ దారిన పోవాలో చెప్పే నియమం) రాస్తే పనైపోతుంది అనుకుంటావు. కాదు. ఫ్రీపీబీఎక్స్ కొట్టిన నంబరును ముందు లోపలి ఎక్స్‌టెన్షన్లతో పోల్చి చూస్తుంది. 108 అని ఎక్స్‌టెన్షన్ బతికున్నంతవరకు కాల్ దానికే పోతుంది, నీ రూటు దాకా రానే రాదు. కాబట్టి ఈ రాత్రికే 101, 102, 104, 108, 112 ఎక్స్‌టెన్షన్లు తీసెయ్. మిగతావి ఆదివారం మార్చుకో. 1 బదులు 3 పెట్టు చాలు, వెనక రెండంకెలు అలాగే ఉంచు. నువ్వు 308 అవుతావు. 2 వద్దు. గుంటూరు ల్యాండ్‌లైన్లు 2తో మొదలవుతాయి. ఎవరైనా లోకల్ నంబరు కొడుతుంటే మొదటి మూడంకెలకే లోపలి ఫోన్ మోగే ప్రమాదం ఉంది.

తీసేశాక ఎమర్జెన్సీ రూటు రాసి, రూట్ల వరసలో అన్నిటికంటే పైన పెట్టు. ఆ రూటు పేజీలో ‘ఎమర్జెన్సీ’ అని టిక్ పెట్టే చోటు ఉంటుంది, అదీ పెట్టు. అందులో 100, 101, 108, 112 మామూలుగా ఒకసారి, ముందు 0 ఉండి ఒకసారి రాయి. ముందు సున్నాను ప్రిఫిక్స్ గడిలో వేస్తే సిస్టమ్ దాన్ని కోసేసి మిగతాది పంపుతుంది. 0108 కొట్టినా 108 కొట్టినా ఒకే చోటికి వెళ్ళాలి.

ఆ రూటుకి ట్రంకులు, అంటే బయటి లైన్లు, ఏ వరసలో ఇవ్వాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. జీఎస్ఎం గేట్‌వే మొదట, ల్యాండ్‌లైన్లు తర్వాత. హైదరాబాద్ సిప్ ట్రంక్ ఆ జాబితాలో ఉండనే కూడదు. దాని మీద వెళ్తే నీ 108 తెలంగాణ కంట్రోల్ రూముకి పోతుంది. 108 సేవ పుట్టింది హైదరాబాద్‌లోనే, 2005 ఆగస్టు 15న, కానీ ఇవాళ ఏ రాష్ట్రం బండ్లు ఆ రాష్ట్రానివే. మీ చాంబర్‌లో మనిషి పడితే అక్కడివాళ్ళు ‘ఏ బస్తీ?’ అని అడిగి, విని, గుంటూరుకి మళ్ళీ చెప్పుకోవాలి. ఆ నిమిషాలు ఎవరివి? గేట్‌వేలో సిమ్ మీ గోడ పక్క టవర్‌నే పట్టుకుంటుంది కాబట్టి కాల్ ఆంధ్రాకే పోతుంది.

ఇక సున్నాలు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో సెల్‌కి కొట్టాలంటే ముందు 0 తప్పనిసరి అయింది. మీ ఆఫీసులో లైన్ కోసం ఒక 0 ముందే ఉంది, అందుకే రెండయ్యాయి. నా సలహా, లైన్ కోసం 0 అనే పద్ధతిని పూర్తిగా వదిలెయ్. ఇప్పటి పీబీఎక్స్‌కి లైన్ తీసుకోవడం అంటూ ఏమీ లేదు, అంకెలు చూసి అదే దారి పడుతుంది. ఇంట్లో ల్యాండ్‌లైన్‌లో ఎలా కొడతారో ఆఫీసులో అలాగే: 0, తర్వాత పదంకెలు. అలవాటుపడ్డవాళ్ళ కోసం రెండు సున్నాలూ తీసుకో, సున్నా లేకుండా కొట్టినా తీసుకో. ప్యాటర్న్‌లో (నంబరు ఎలా ఉండాలో చెప్పే నమూనా) 6-9ని చదరపు బ్రాకెట్లలో పెట్టి తర్వాత తొమ్మిది ఎక్స్‌లు రాస్తే సెల్ నంబరు. ఎక్స్ అంటే ఏ అంకైనా, జెడ్ అంటే 1 నుంచి 9, ఎన్ అంటే 2 నుంచి 9. దీన్నే మూడు వరసలుగా రాయి: ప్రిఫిక్స్ ఖాళీగా, ప్రిఫిక్స్ 0తో, ప్రిఫిక్స్ 00తో. ప్రిపెండ్ గడిలో, అంటే బయటికి పంపేముందు చేర్చే అంకెల గడిలో, మూడింటికీ 0 వెయ్. ఎవరు ఎలా కొట్టినా బయటికి వెళ్ళేది ఒక సున్నా, పదంకెలు. మిస్డ్ కాల్ గొడవా దీంతోనే పోతుంది. వచ్చే నంబరు పదంకెలుగా వస్తోంది, నీ రూట్లలో సున్నా లేని పదంకెలకు చోటు లేదు, అంతే. కొన్ని 91తో వస్తాయి, ప్రిఫిక్స్ 91తో ఇంకో వరస రాసుకో.

రెండు సున్నాలు తీసుకుంటే ఒక చిక్కుంది, ముందే చెప్పాలి. 00 అంటే విదేశీ కాల్ కూడా. సింగపూర్ కోడ్ 65, ఆ తర్వాత 8 అంకెలు. కలిపితే 65తో మొదలయ్యే పదంకెలు, అచ్చం మన సెల్ నంబరులాగే. సిస్టమ్‌కి తేడా తెలియదు. మీకు ఎగుమతి ఉంటే విదేశీ కాల్స్‌కి వేరే దారి పెట్టు. ఉదాహరణకు ముందు 5 కొట్టి తర్వాత 00, దానికి పిన్, అది ఒకటి రెండు ఫోన్లకే.

08 గొడవ మన రాష్ట్రాలకే ప్రత్యేకం. హైదరాబాద్ 040 పక్కన పెడితే మన రెండు రాష్ట్రాల ఎస్టీడీ కోడ్లన్నీ 08తోనే మొదలు. గుంటూరు 0863, విజయవాడ 0866, వరంగల్ 0870, ఖమ్మం 08742, విశాఖ 0891. కోడూ నంబరూ కలిపితే ల్యాండ్‌లైన్‌కీ పదంకెలే. 8తో సెల్ నంబర్లూ ఉన్నాయి. కాబట్టి 08 చూసి ఇది ల్యాండ్‌లైన్ అని ఎవరూ చెప్పలేరు. మీ పాత పుస్తకం తియ్యి, మీరు నిజంగా ఫోన్ చేసే ఊళ్ళు ఎన్ని? పది ఉంటాయా? ఆ కోడ్లు మాత్రమే రాయి, కోడ్ తర్వాత 2 కూడా కలిపి. వరంగల్‌కి 08702 పెట్టి ఆరు ఎక్స్‌లు, ఖమ్మానికి 087422 పెట్టి అయిదు. నీ లెడ్జర్‌లో 2 కాకుండా వేరే అంకెతో మొదలయ్యేవి ఉంటే అవీ చేర్చు. ఈ రూటు సెల్ రూటుకి పైన ఉండాలి. గుంటూరు నంబర్లకు ప్రిఫిక్స్ గడిలో 0863 వేసి కోసెయ్, బయటికి ఏడంకెలే వెళ్తాయి.

టెక్సాస్_తెలుగు:

నేను డాలస్ దగ్గర ఉంటాను, మోటళ్ళకు ఫోన్ సిస్టమ్స్ చూసే పని. మీ పోస్టు చదివి ఒళ్ళు జలదరించింది. ఇక్కడ మాకు చట్టమే వచ్చిన సంగతి ఇది.

డాలస్‌కి తూర్పున మార్షల్ అనే ఊరుంది. 2013 డిసెంబర్‌లో అక్కడి ఒక మోటల్ గదిలో కారీ హంట్ అనే ఆవిడ మీద విడిపోయిన భర్త దాడి చేశాడు. తొమ్మిదేళ్ళ కూతురు గదిలో ఫోన్ తీసి 911 (ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) కొట్టింది, బడిలో నేర్పినట్టే. నాలుగుసార్లు కొట్టింది. బయటి లైన్‌కి ముందు 9 కొట్టాలని ఆ పాపకు తెలియదు. కాల్ వెళ్ళలేదు, తల్లి చనిపోయింది. ఆవిడ తండ్రి హాంక్ హంట్ ఊరూరా తిరిగి పోరాడాడు. 2018 ఫిబ్రవరిలో ‘కారీస్ లా’ మీద సంతకం అయింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత బిగించే ఏ ఆఫీసు, హోటల్ సిస్టమ్‌లోనైనా 911 ఏ ప్రిఫిక్స్ లేకుండా వెళ్ళాలి.

ఆ చట్టంలోనే ఇంకో షరతుంది, మీకు పనికొస్తుందని రాస్తున్నాను. ఎవరైనా 911 కొడితే అదే క్షణంలో ఫ్రంట్ డెస్క్‌కో సెక్యూరిటీకో కబురు వెళ్ళాలి. అంబులెన్సు వచ్చి గేటు దగ్గర ‘ఏ గది?’ అని వెతుక్కోకుండా. మీ దగ్గరా 108 కాల్ వెళ్ళగానే వాచ్‌మన్ ఫోన్ మోగేలా, తెర మీద ‘చాంబర్ 3’ అని పడేలా చేయించండి. మూడంతస్తుల కోల్డ్ స్టోరేజీలో స్ట్రెచర్ ఎటు వెళ్ళాలో గేటులో ఉన్న మనిషికి తెలియడం చిన్న విషయం కాదు.

మిర్చి_లెక్కలు:

ఇద్దరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రే ఆ అయిదు ఎక్స్‌టెన్షన్లు తీసేశాను. ఎమర్జెన్సీ రూటు రాశాను. కానీ పనిచేస్తోందో లేదో ఎలా చూడాలి? ఊరికే 108 కొట్టి చూడటానికి మనసు ఒప్పడం లేదు, ఆ సమయంలో నిజంగా ఎవరికైనా అవసరం ఉంటే? రెండోది, మా మేనేజర్‌గారు ల్యాండ్‌లైన్ మొదట ఉంచమంటున్నారు, సిమ్‌లో బ్యాలెన్స్ అయిపోతే ఎలా అని. పెద్దాయనా, మీరు సిమ్ మొదట అన్నారు. కారణం చెబితే ఆయనకు చెప్తాను.

పాత_లైన్‌మన్:

కొట్టి చూడకపోవడమే మంచిది. పీబీఎక్స్‌లోకి లాగిన్ అయి ఆస్టరిస్క్ కన్సోల్ (ఫ్రీపీబీఎక్స్ లోపల నడిచే అసలు సాఫ్ట్‌వేర్‌కి కమాండ్లు కొట్టే తెర) తెరువు. డయల్‌ప్లాన్ షో అనే కమాండ్ ఉంది. దాని పక్కన 108, తర్వాత యాట్ గుర్తు, ఫ్రమ్ హైఫన్ ఇంటర్నల్ అని ఇంగ్లీషులో కొట్టు. ఆ నంబరు ఎవరి చేతికి చిక్కుతుందో రాసి చూపిస్తుంది, కాల్ పోదు. అక్కడ ఇంకా ఎక్స్‌టెన్షన్ కనిపిస్తే పైన ఎరుపురంగు ‘అప్లై కాన్ఫిగ్’ బటన్ నొక్కడం మర్చిపోయావన్నమాట. అంతా సరిగా ఉందని తేలాక పట్టపగలు ఒక్కసారి 112కి చేసి, ఎత్తగానే ‘ఇది టెస్టు కాల్ అండీ, ప్రమాదం ఏమీ లేదు, మా కాల్ ఏ జిల్లా నుంచి వచ్చినట్టు కనిపిస్తోంది?’ అని అడిగి పెట్టెయ్. ఎత్తకముందే కట్ చేస్తే వాళ్ళు తిరిగి నీ కోసం వెతుకుతారు.

సిమ్ ఎందుకు మొదట అంటే, 112, 108 సిమ్ బ్యాలెన్స్ మీద ఆధారపడవు, ఆ కాల్స్ ఉచితం. కానీ మేనేజర్‌గారికి చెప్పాల్సింది వేరే ఉంది. ఎఫ్‌ఎక్స్‌ఓ గేట్‌వేకి ఒక చెడ్డ గుణం ఉంది. బయట తీగ తెగి లైన్ చచ్చిపోయి ఉన్నా, లోపలి నుంచి కాల్ రాగానే ‘ఎత్తాను’ అని పీబీఎక్స్‌కి చెప్పేస్తుంది. పీబీఎక్స్ కాల్ కలిసిందనుకుంటుంది, రెండో ట్రంక్ జోలికి పోదు. మనిషి చెవిలో నిశ్శబ్దం. నేను కళ్ళారా చూసింది ఇది, తుపాను మర్నాడు ఒక రైస్ మిల్లులో. గేట్‌వే సెట్టింగుల్లో లైన్‌లో వోల్టేజి ఉందో లేదో చూసుకునే ఆప్షన్ ఉంటే ఆన్ చెయ్. ఉన్నా సరే, నేనైతే సిమ్‌నే ముందు పెడతాను.

కరెంటు సంగతి అడగలేదు, నేనే చెప్తున్నా. పాత రాగి తీగ లైన్‌కి ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచి 48 వోల్టులు వచ్చేవి, ఊరంతా చీకటైనా ఫోన్ బతికుండేది. ఇప్పుడు మీ ల్యాండ్‌లైన్లు ఫైబర్ మీదకు మారి ఉంటే ఆ గోడ మీది పెట్టెకి కరెంటు లేనిదే లైన్ లేదు. పీబీఎక్స్, స్విచ్, రెండు గేట్‌వేలు, ఫైబర్ పెట్టె, అయిదూ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయా చూడు. నాలుగు పెట్టి ఒకటి మర్చిపోయినవాళ్ళే ఎక్కువ.

ఇంకో హెచ్చరిక. హైదరాబాద్ నుంచి ఇంటర్నెట్ మీద వచ్చిన కాల్‌ని గుంటూరు సిమ్ మీదకు దూకించి బయటికి పంపే తెలివి ఎవరైనా చెబితే వినకు. దాన్ని టోల్ బైపాస్ అంటారు, చట్టరీత్యా తప్పు. రెండు ఆఫీసులు లోపల లోపల మాట్లాడుకోండి, బయటి కాల్ ఎవరి ఊరి లైన్ మీద వాళ్ళు చేసుకోండి.

వైజాగ్_నెట్‌వర్క్:

ఒక్క ముక్క. విదేశీ రూటు విషయం పెద్దాయన మెత్తగా చెప్పారు, నేను గట్టిగా చెప్తాను. మా ఆఫీసులో ఎక్స్‌టెన్షన్ నంబరే పాస్‌వర్డ్‌గా ఉండేది, 201కి పాస్‌వర్డ్ 201. ఇంటి నుంచి పని చేసుకోవడానికి 5060 పోర్టు (ఇంటర్నెట్ ఫోన్లు పీబీఎక్స్‌లోకి వచ్చే ద్వారం) బయటికి తెరిచి ఉంచాం. సంక్రాంతి మూడు రోజులు ఆఫీసు మూసి వచ్చేసరికి ఎవరో మా ఎక్స్‌టెన్షన్‌తో లాగిన్ అయి రాత్రీ పగలూ ఎప్పుడూ వినని దేశాలకు కాల్స్ చేశారు. సిప్ ట్రంక్‌లో వేసిన డబ్బంతా పోయింది. ముందుగా డబ్బు కట్టే అకౌంట్ కాబట్టి అక్కడితో ఆగింది. కొత్త 3 సిరీస్ ఇచ్చేటప్పుడే ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కి పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టండి. ఆ పోర్టు మూసేసి బయటి నుంచి పనిచేసే మీవాళ్ళకు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) ఇవ్వండి. విదేశీ కాల్స్ అక్కర్లేకపోతే ట్రంక్ ఇచ్చినవాళ్ళకే మెయిల్ పెట్టి వాళ్ళ వైపు నుంచే బ్లాక్ చేయించండి.

మిర్చి_లెక్కలు:

ఆదివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టి సాయంత్రం నాలుగుకి ముగించాను. అందరికీ 3 సిరీస్ వచ్చింది. పాస్‌వర్డులు మార్చాను, మాకూ సగం ఫోన్లకు నంబరే పాస్‌వర్డ్‌గా ఉంది. 5060 మా రూటర్‌లో తెరిచి లేదు, చూశాను.

08 రూటు తీసేసి ఏడు ఊళ్ళ కోడ్లు రాశాను. పెద్దాయన చెప్పినట్టు పాత పుస్తకం తీస్తే నిజంగా ఏడే. ఇవాళ సోమవారం, యార్డు ఫుల్‌గా నడిచింది, మధ్యాహ్నం దాకా ల్యాండ్‌లైన్ ఎంగేజ్ అని ఒక్కరూ నా దగ్గరకు రాలేదు. మిస్డ్ కాల్ నొక్కితే వెళ్తోంది. సింగపూర్‌కి మాకు పని లేదు, విదేశీ రూటే తీసేశాను.

యూపీఎస్ చూస్తే ఫైబర్ పెట్టె మామూలు ప్లగ్గులో ఉంది. మీరు చెప్పకపోతే నేను చూసేవాణ్ణి కాదు. మార్చాను.

కన్సోల్‌లో 108 రూటుకే చూపిస్తోంది. ఇవాళ పదకొండింటికి మూడో చాంబర్ ఫోన్ నుంచి నేనే 112కి చేశాను. రెండో రింగుకి ఎత్తారు. టెస్టు అని చెప్పి, ఎక్కడి నుంచి కనిపిస్తోంది అని అడిగితే ‘గుంటూరు’ అన్నారావిడ. అదే సమయంలో గేటులో వాచ్‌మన్ ఫోన్ మోగి తెర మీద ‘చాంబర్ 3’ అని పడింది. అది ఎలా చేశానో వివరంగా రేపు రాస్తాను, చిన్న స్క్రిప్ట్ రాయాల్సి వచ్చింది, టెక్సాస్ అన్న మెసేజ్‌లో సాయం చేశారు.

ఆ రాత్రి ఫోన్ పట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణి కూడా చాంబర్‌లోకి తీసుకెళ్ళాను. ఫోన్ పక్కన గోడకు పెద్ద అక్షరాలతో కాగితం అంటించాం: ‘అంబులెన్సు 108. ముందు సున్నా అక్కర్లేదు.’ వాడు చదివి, ‘సున్నా కొట్టినా పోతుందా అన్నా?’ అని అడిగాడు. పోతుందని చెప్పి కన్సోల్‌లో 0108 కూడా చూపించాను.